నత్త నడిచిన దూరం

రోజు 7,914

ఈశాన్యం గాలి, నెమ్మది. పొద్దున ఐదున్నరకు పోటు నిలిచింది. గొలుసుకు చెయ్యి ఆనించి చూశాను. బిగువు మామూలే. మూడో లంగరు స్థిరం.

ఈ పుస్తకంలో గాలి, పోటు, గొలుసు తప్ప ఇంకేమీ రాయకూడదని మొదటి పేజీలోనే అచ్చు వేసి ఉంది. ఊరు ఇక్కడ లంగరు వేసిన రోజు నుంచి, ఇరవై రెండేళ్ళుగా, ఆ మాట మీరలేదు. ఈరోజు మీరుతున్నాను. నాకు కోపం వచ్చింది, వినడానికి మా ఆయన ఇంట్లో లేడు. క్యాంటీన్లో వెయ్యిమందికి పులుసు కాస్తున్నాడు.

కమిటీవాళ్ళు కాగితం పంపారు. తెప్పలపేటలో లంగర్లు చూసుకునేవాళ్ళందరూ ఏడో తరగతి ‘దూరం–వేగం’ పరీక్ష పాసై ఉండాలట. మిగతా మూడు లంగర్లవాళ్ళూ చిన్నప్పుడే పాసయ్యారు. నేను ఏడో తరగతిలో ఉండాల్సిన వయసుకి మా ఊరు సముద్రంలోకి వెళ్ళిపోయింది. బడి ఊరికన్నా ముందే వెళ్ళింది. 7,946వ రోజున పరీక్ష. తప్పితే మూడో లంగరు ఇంకొకరి చేతికి.

నాకు యాభై నాలుగేళ్ళు. ఎల్లుండి నుంచి బడి.

రోజు 7,916

గాలి అదే. గొలుసు బిగువు మామూలే. స్థిరం.

మా ఆయన కొర్లయ్య క్యారేజీ కట్టి ఇచ్చి, తెప్ప చివరిదాకా వచ్చి సాగనంపాడు. పిల్ల గుంటలతో తగువులు పెట్టుకోవద్దనీ, టీచరమ్మ చెప్పినట్టు వినమనీ బుద్ధులు చెప్పాడు. అక్కడ వలలు కడుగుతున్న ఆడవాళ్ళు పని ఆపి మరీ చూశారు. నేను వెనక్కి తిరగలేదు.

బడి నలభై ఒకటో తెప్ప మీద. ఏడో తరగతిలో పద్దెనిమిది మంది పిల్లలు, ఇప్పుడు నాతో పంతొమ్మిది. బెంచీలు ఎంత పొట్టివంటే కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. టీచరు పేరు హేమ. ఈ తెప్పల మీదే పెరిగిన పిల్ల, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. గొంతు పెంచదు, అయినా అందరూ వింటారు. నన్ను ‘పోలమ్మగారూ’ అని పిలిచి తరంగిణి అనే పదకొండేళ్ళ పిల్ల పక్కన కూర్చోబెట్టింది. ఆ పిల్ల నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పెన్సిల్ తెచ్చుకున్నానా అని అడిగింది. తేలేదు. తనదొకటి ఇస్తూ, సాయంత్రం వెళ్ళేటప్పుడు ఇచ్చెయ్యాలని షరతు పెట్టింది.

పాఠం పుస్తకంతో కాదు, రోబోలతో. పీత, రొయ్య, టేకు చేప, కానాగంత చేప, నత్త అని ఐదున్నాయి. పేర్లు పిల్లలు పెట్టినవే. తెప్ప మీద గీసిన గీత దగ్గర వాటిని వదిలి, సెకనుకు ఎంత దూరం పోతున్నాయో రాసుకుని, గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి కలపాలి. అడ్డంగా కాలం, నిలువుగా దూరం. రొయ్య పీతని దాటిపోతే పిల్లలు గోల చేశారు. ఆ దాటిన చోటు కాగితం మీద కూడా కనిపించింది. రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకున్నాయి. పీతని రెండు మీటర్లు ముందు నిలబెట్టారు కాబట్టి దాని గీత రెండు మీటర్ల దగ్గర మొదలైంది. రొయ్య గీత సున్నా దగ్గర మొదలై నిటారుగా లేచింది.

ఎంత నిటారుగా ఉంటే అంత వేగమని తరంగిణి నాకు చెప్పింది. అది నాకు తెలుసు. గొలుసు వదిలేటప్పుడు ముందే నీళ్ళలో ఉన్నది కొంత, ఆ తర్వాత నిమిషానికి ఇంత చొప్పున దిగేది కొంత. మాకు ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. దాన్ని గీత గీయచ్చని మాత్రం తెలియదు.

రోజు 7,917

స్థిరం.

అందరికీ హోంవర్కు ఇచ్చారు. నలుగురైదుగురికి కలిపి ఒక రోబో. నాలుగు రోబోలూ అప్పటికే జట్లవాళ్ళ దగ్గరున్నాయి. నాకు నత్త మిగిలింది. దాని చక్రాలు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఏడాదయింది. తరగతి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి వాడుతున్నారు.

“అది కదల్దు మామ్మా. అందుకే నీకిచ్చినారు,” అంది తరంగిణి.

రోజూ నత్త తెర మీది దూరం రాసుకుని, గీత గీసి తేవాలి. కదలనిదాని గీత ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, నేలమీద పడుకున్నట్టు అడ్డంగా పోతుంది. ఇంత తేలికైన పని నా జన్మలో ఎవరూ ఇవ్వలేదు.

ఈ రోబోలు బడి కోసం పుట్టినవి కావట. ఒడ్డు నుంచి మంచినీళ్ళ పైపు వేసినవాళ్ళు వాడి వదిలేసి వెళ్ళారు. అందుకే ఇవి దూరాన్ని సముద్రం అడుగున, పైపు పైకి లేచే చోట పాతిన ఇనుప గుంజ నుంచే కొలుస్తాయి. కిందికి ఒక కూత పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి లెక్క కడతాయి. పరుగు పందేలప్పుడు టీచరు ఆ అంకెలోంచి గీత దగ్గర చూపిన అంకెని తీసేయమంటుంది. నత్తకి ఆ తీసివేత కూడా అక్కర్లేదంది.

ఇంకొక సంగతి రాయాలి. ఇది కొర్లయ్యకి కూడా చెప్పలేదు. పది పన్నెండు రోజులుగా గొలుసు మీద పెట్టినప్పుడు నా కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది. మా అమ్మకి ఈ వయసులోనే మొదలైంది. రెండేళ్ళు తిరిగేసరికి గ్లాసు పట్టుకోలేకపోయింది.

రోజు 7,921

గాలి కొంచెం పెరిగింది. స్థిరం.

హోంవర్కు తప్పని టీచరు ఎర్ర గీత కొట్టింది. నేను రాసింది రాసినట్టే రాశాను. మొదటిరోజు 109.2 మీటర్లు, తర్వాత 107.6, తర్వాత 111.9, ఆ తర్వాత 110. గీత కొండలూ లోయలూ తిరిగింది. తలుపు అడ్డం బొమ్మ నాలుగు రోజుల్లో ఇంత షికారు చేసిందా అని వెనక బెంచీ నవ్వింది.

పిల్లలు దాన్ని జరుపుతున్నారని నాకు అనుమానం. మూడు ముళ్ళు వేసి తలుపు గుంజకి కట్టేశాను. మా కులంలో ఆ ముడి విప్పగలిగినవాళ్ళు ఇప్పుడు నలుగురే ఉన్నారు.

రోజు 7,923

స్థిరం.

ముడి అలాగే ఉంది. అంకె మళ్ళీ మారింది.

నాకు పౌరుషం వచ్చింది. ఇంటికి వెళ్ళి ఆ అంకెలనీ, నేను చూసిన వేళలనీ, ఈ పుస్తకంలో ఉన్న పోటు వేళలనీ పక్కపక్కన పెట్టుకున్నాను. అప్పుడు నవ్వొచ్చింది. ఊరు ఊరంతా పోటుకి ఒకవైపు, పాటుకి ఒకవైపు ఊగుతుంది. గొలుసుకి ఉన్న వదులంత మేర రోజూ వెళ్ళొస్తాం. నత్త తెప్ప మీద కదలకపోయినా తెప్ప కదులుతోంది కదా. నేను ఒకరోజు పోటులో చూశాను, ఒకరోజు పాటులో చూశాను.

రేపట్నుంచి నీళ్ళు నిలిచిన వేళే చూడాలి. ఆ వేళ రోజుకి యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. తెప్పలపేటలో ఆ వేళ గడియారం చూడకుండా చెప్పగలిగేది నేనొక్కతెనే. ఎర్ర గీత ఎలా కొడతారో చూస్తాను.

రోజు 7,928

స్థిరం.

టీచరుకి చెబితే సంతోషించింది. పోటు సంగతి తనకెందుకు తట్టలేదని నొచ్చుకుని, క్లాసంతటినీ నీళ్ళు నిలిచిన వేళే నత్తని చూడమంది. ఐదు రోజులు చూశాం. 112.0, 112.6, 113.2, 113.8, ఈరోజు 114.4.

కొండలు లేవు, లోయలు లేవు. తరంగిణి స్కేలు పెట్టి గీస్తే ఐదు చుక్కలూ దాని కింద వరసగా దాక్కున్నాయి. ఇంత చక్కటి సరళరేఖ ఈ ఏడాది ఏ జట్టూ గీయలేదని టీచరే అంది. కాకపోతే అది పడుకోలేదు. రోజుకి అరవై సెంటీమీటర్లు లేస్తోంది.

పిల్లలు నత్త పాడైపోయిందని తేల్చేశారు. టీచరు కూడా అలాగే అనుకున్నట్టుంది, అరమార్కు తగ్గించి మంచి మార్కులే వేసింది. నేను మాత్రం ఆ కాగితం చూస్తూ అన్నం తినలేదు.

రోజు 7,929

పొద్దున గొలుసు మీద చెయ్యి పెట్టాను. బిగువుగా ఉంది. చెయ్యి వణికింది.

తర్వాత నాలుగో లంగరు దగ్గరికి వెళ్ళాను. దాన్ని చూసుకునే చిట్టెయ్య టీ తాగుతున్నాడు. ఊరికే పలకరించడానికి వచ్చినట్టు నిలబడి, అతని గొలుసు మీద అదే చెయ్యి పెట్టాను. చాలాసేపు ఉంచాను. వణకలేదు. మళ్ళీ నా గొలుసు దగ్గరికి వచ్చి ఈసారి ఎడమచెయ్యి పెట్టాను. వణికింది.

వణుకుతున్నది నా చెయ్యి కాదు. గొలుసు.

అక్కడే కూలబడి కాసేపు నవ్వాను. ఇన్నాళ్ళ భయం ఒక్కసారిగా దిగింది. దిగిన చోటికి ఇంకో భయం వచ్చి కూర్చుంది. అడుగున నా లంగరు నేలని దున్నుకుంటూ వస్తోంది. పట్టు తప్పిన లంగరు గొలుసు కూడా బిగువుగానే ఉంటుంది, ఎందుకంటే ఊరు దాన్ని లాగుతూనే ఉంటుంది. బిగువు చూసి ఏమీ తెలియదు. మూడోది పట్టాల్సింది ఈశాన్యం గాలిని. ఈ నెలంతా ఈశాన్యమే. చుట్టూ నీళ్ళే కాబట్టి జరిగిన సంగతి ఎవరికీ కనిపించదు. మేమెక్కడున్నామో చెప్పే పెట్టె ఉప్పుగాలికి చెడిపోయి రెండేళ్ళయింది.

బడికి వెళ్ళి, మధ్యాహ్నం తరంగిణిని పక్కకి పిలిచి, గీతని వెనక్కి పొడిగిస్తే ఏమవుతుందని అడిగాను. పైపు వేసినప్పుడు గుంజ నుంచి బడి దూరం వంద మీటర్లు. ఆ పిల్ల స్కేలు వెనక్కి జరిపి 7,904వ రోజు దగ్గర వంద తగులుతుందని చూపించింది. ముందుకి పొడిగించమన్నాను. పైపు మూతి మీద ఎర్రక్షరాలతో 125 మీటర్లని రాసి ఉంటుంది. దానికి మించి లాగితే పైపు తెగుతుంది. ఆ ఎర్రక్షరాల మీదే కూర్చుని నేను ఇన్నేళ్ళూ టీ తాగాను. గీత వెళ్ళి 125ని 7,946వ రోజు తెల్లారేలోపు తాకుతోంది.

“మన పరీక్ష రోజు,” అంది తరంగిణి. దానికి అదొక్కటే ముఖ్యంగా కనిపించింది.

ఇంటికొచ్చి ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. 7,904: ‘గాలివాన. గొలుసు ఒకసారి కిర్రుమంది. స్థిరం.’ నా చేతిరాతే.

రోజు 7,930

ఇక్కడ ఇక ‘స్థిరం’ అని రాయను.

రాత్రి అన్నాల దగ్గర కొర్లయ్యకి అంతా చెప్పాను. ఈ సంగతి బయటపెడితే, ఇరవై ఐదు రోజులు పట్టు తప్పిన లంగరుని స్థిరమని రాసినట్టు నా అంతట నేనే ఒప్పుకోవాలి. పరీక్ష దాకా రాకుండానే లంగరు పోతుంది. చెప్పకపోతే నత్త పాడైందనే అందరూ అనుకుంటారు. అతను పళ్ళెంలో చెయ్యి ఆపి విన్నాడు.

“లంగరు పోతే నా పక్కన కూకుని ఉల్లిపాయలు కోద్దువుగానిలే,” అన్నాడు. “నీళ్ళే పోతే నానేటి వండాల, నువ్వేటి తినాల?”

ఊళ్ళో పదకొండు వందలమంది ఉన్నారు. వాన పీపాలన్నీ కలిపినా నాలుగు రోజుల నీళ్ళు. పైపు తెగితే అతుకు వేసేవాళ్ళు ఒడ్డు నుంచి రావాలి.

పొద్దున్నే కమిటీ పెద్ద అప్పలకొండ దగ్గరికి వెళ్ళాను. మంచివాడే, కాకపోతే ఒక పని మొదలుపెట్టేముందు దాన్ని వాయిదా వేయచ్చేమో చూస్తాడు. నేను గళ్ళ కాగితం పరిచి చెప్పాను. అతను ఓపిగ్గా విని, 7,948వ రోజున ఒడ్డు నుంచి లాంచీలో ఇంజనీరు వస్తాడని, అప్పుడు చూపిద్దామని అన్నాడు. అప్పటికి రెండు రోజులు ఆలస్యమవుతుందన్నాను.

“పోలమ్మా, తలుపుకి అడ్డంగా ఎట్టిన బొమ్మ సెప్పిందని ఊరంతటినీ లేపమంటావేటి?” అన్నాడు.

నాకు వాదించడం రాదు. నాకు వచ్చింది ఒకటే. రేపు మధ్యాహ్నం ఒకటిన్నరకి నీళ్ళు నిలుస్తాయని, అప్పుడు నత్త 116.2 చూపిస్తుందని చెప్పాను. బొమ్మ పాడైందైతే నోటికొచ్చిన అంకె చెప్పాలి. నేను చెప్పిన అంకే చెబితే పాడవలేదన్నమాట. వచ్చి చూడమన్నాను.

రోజు 7,931

ఒంటిగంట ఇరవైకే వచ్చాడు. నేను ముట్టుకున్నానన్న మాట రాకుండా నత్త తెర మీద గుడ్డ కప్పి, బయట నిలబడి నీళ్ళు చూస్తూ, నిలిచాయని చెయ్యి ఎత్తాను. హేమ టీచరు గుడ్డ తీసి చదివింది. 116.2.

అప్పలకొండ తెర దగ్గరికి వంగి చూశాడు. కాకతాళీయం కావచ్చన్నాడు. రేపటిది కూడా చెప్పమన్నాడు. ఈసారి నేను చెప్పలేదు, వెనక బెంచీవాళ్ళే ముక్తకంఠంతో చెప్పారు.

రోజు 7,932

116.8.

ఈరోజు అతను సొంత పెన్సిల్ తెచ్చుకుని, తరంగిణి పక్కన నా చోట్లో కూర్చుని, చుక్క తనే పెట్టాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇది ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు. నేను ఈ పుస్తకం ఇచ్చాను. 7,904 నుంచి ప్రతి పేజీ చదివాడు. నా బడి గొడవలన్నీ కూడా చదివినట్టున్నాడు. మూసి తిరిగిచ్చాడు.

సామాన్లు మోసే రెండో పంటు పడవ మీద అదనపు లంగరొకటి ఉంది. దాన్ని దింపి ఊరిని నిలబెట్టాలని తేలింది. పంటు ఇంజను విప్పి ఉంది, బిగించడానికి ఆరు రోజులు కావాలి. 7,938న దింపుతారు. గీత ప్రకారం ఇంకా వారానికి పైగా వ్యవధి మిగులుతుంది. ఈ పూట అన్నం సహించింది.

రోజు 7,934

పొద్దున పదిగంటలకి నీళ్ళు నిలిచాయి. గీత 118.0 అంది. నత్త 118.9 అంది.

తెల్లవారుజామునే గాలి లేచింది. పదికల్లా తెప్పల మధ్య గొలుసులు మూలగడం మొదలుపెట్టాయి. ఒంటిగంటకి 120.4. నీళ్ళు ఉరుకుతున్న వేళే, కానీ అంత గాలి ముందు పోటు ఏపాటిది. మూడు గంటల్లో మీటరున్నర.

తరంగిణి పాత గీత మీద స్కేలు పెట్టి చూసింది, తీసి మళ్ళీ పెట్టింది. చుక్క గీతకి చాలా పైన ఉంది. స్కేలు పక్కన పడేసి ఏడ్చింది. తన గీత తప్పిపోయిందట. దాన్ని నమ్మి పెద్దాయన ఆరు రోజులు ఆగుదామనుకున్నాడట. హేమ టీచరు దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

“నీ గీత తప్పలేదు. గాలి మారింది,” అంది. “కొత్త చుక్కలతో కొత్త గీత గియ్యి. తొందరగా. బయట నీకోసం చూస్తున్నారు.”

పిల్ల ముక్కు తుడుచుకుని గీసింది. గంటకి అర మీటరు. 125కి ఇంకా నాలుగు మీటర్ల అరవై. తొమ్మిది గంటల పైన కొంచెం, అంటే రాత్రి పదికి పైపు తెగుతుంది. కాగితం పట్టుకుని నేను పరిగెత్తాను. ఈ వయసులో తెప్ప మీంచి తెప్ప మీదికి అలా గెంతుతానని నాకే తెలియదు.

అప్పలకొండ ఈసారి వాయిదా వేయలేదు. పంటుని ఊరికి పొడవాటి గొలుసుతో కట్టి, దానికి ఇంజను లేదు కాబట్టి మూడు చేపల పడవలతో లాగించాడు. లంగరు ఎక్కడ వేయాలన్నది ప్రశ్న. చిట్టెయ్య దగ్గర్లోనే వేసేద్దామన్నాడు. వద్దన్నాను. అక్కడంతా ఇసుక, నా లంగరు పట్టు తప్పింది కూడా ఇసుకలోనే. గాలి వచ్చేవైపు ఇంకో రెండు వందల బారలు పోతే బంకమట్టి ఉంది. నేను మొదట్లో సీసపు గుండుకి కొవ్వు రాసి అడుగు తడిమిన రోజుల్లో అది నల్లగా అంటుకుని పైకి వచ్చేది. అంతదూరం ఎదురుగాలిలో పంటుని లాగడానికి మూడు గంటలు పట్టింది. నేను పంటు ముక్కు మీద కూర్చుని దారి చూపించాను. అలలు నెత్తిమీదుగా పోయాయి. కొర్లయ్య వెనక పడవలో తెడ్డు వేస్తున్నాడు. క్యాంటీన్ పొయ్యి ఆర్పేసి వచ్చాడట.

బడి నుంచి ప్రతి పది నిమిషాలకీ టీచరు మైకులో అంకె చదువుతోంది. గాలిలో ముక్కలు ముక్కలుగా వినిపించేది. నూట ఇరవై ఒకటి. నూట ఇరవై రెండు. ఐదుంపావుకి లంగరు వదిలాం. గొలుసు గలగలా దిగి ఆగింది. ఊరి బరువు దానిమీద పడగానే పంటు ముందుకి ఒరిగింది. నేను గొలుసు మీద రెండు చేతులూ పెట్టాను.

నూట ఇరవై మూడు, అంది మైకు. చాలాసేపటికి, నూట ఇరవై మూడు పాయింటు ఒకటి. తర్వాత మళ్ళీ నూట ఇరవై మూడు పాయింటు ఒకటి. మూడోసారి కూడా అదే అంకె వచ్చేసరికి టీచరు గొంతు కాకుండా పద్దెనిమిది మంది పిల్లల గొంతులు వినిపించాయి.

నత్త గీత పడుకుంది. నా చేతుల కింద గొలుసు రాయిలా ఉంది.

రోజు 7,937

గాలి తగ్గింది. మూడు రోజులుగా కొత్త గొలుసుని చుట్టుకుంటూ ఊరిని వెనక్కి లాగుతున్నాం. బళ్ళో గీత ఇప్పుడు కిందికి దిగుతోంది. వెనక్కి నడిచే నత్త కోసం పిల్లలు ఒక పాట కూడా కట్టారు. అందులో నా పేరు వస్తుంది, అది నాకు నచ్చలేదు. ఈ సాయంత్రం 100.4 దగ్గర ఆపారు.

రోజు 7,939

కమిటీ కూర్చుంది. ఊరిని కాపాడినందుకు నాకు కృతజ్ఞతలు చెప్పారు. ఇరవై ఐదు తప్పుడు నమోదులకి ముప్పై రోజులు మూడో లంగరు నుంచి తప్పించారు. రెండూ ఒకే కాగితం మీద రాసి అప్పలకొండ సంతకం పెట్టాడు. చదివి వినిపిస్తున్నప్పుడు అతను నావైపు చూడలేకపోయాడు. తీర్పు సరైనదేనని నేనే చెప్పాల్సివచ్చింది.

ఆ ముప్పై రోజులూ ఈ పుస్తకం ఏడో తరగతి రాస్తుంది. అందుకని నేను ఇక్కడి నుంచి గళ్ళ కాగితాల వెనకవైపు రాసుకుంటున్నాను. పొద్దుటిపూట తోచక క్యాంటీన్లో ఉల్లిపాయలు కోశాను. బాగా కోయడంలేదని కొర్లయ్య రెండుసార్లు అన్నాడు.

రోజు 7,946

పరీక్ష రాశాను. ప్రశ్నపత్రం ఒడ్డు నుంచి వచ్చింది. మొదటి ఏడు ప్రశ్నలూ బాగానే చేశాను. ఎనిమిదోది, రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తున్నాయట, ఎప్పుడు కలుస్తాయని. రైలంటే ఏమిటో పిల్లలెవరికీ తెలియదు. హేమ టీచరు చాలా ఆలోచించి, నేలమీద వరసగా కట్టిన తెప్పల్లాంటిదని చెప్పింది. అలాంటివి రెండు ఎదురెదురుగా వస్తుంటే ఎప్పుడు కలుస్తాయో లెక్క కట్టడం కాదు, ముందు ఒకదాన్ని ఆపమని నేను రాశాను. తర్వాత లెక్క కూడా కట్టాను.

రోజు 7,951

అరవై రెండు మార్కులు. తరంగిణికి తొంభై ఏడు. పోయిన మూడు మార్కుల గురించి అది రోజంతా మాట్లాడింది. నా ముప్పై ఎనిమిది గురించి నేను ఒక్క మాట మాట్లాడలేదు. క్యాంటీన్లో ఈరోజు అందరికీ రెండో గరిటె పులుసు పోశారు. ఎందుకని ఎవరో అడిగితే, ఊరికే అన్నాడట మా ఆయన.

రోజు 7,953

చిట్టెయ్య, మిగతా ఇద్దరు లంగర్లవాళ్ళు ఇంటికి వచ్చారు. చాలాసేపు గాలి గురించీ చేపల గురించీ మాట్లాడి, అసలు సంగతి వెళ్ళేముందు బయటపెట్టారు. వాళ్ళకి సర్టిఫికెట్లున్నాయి కానీ అందులో చదివినది ఒక్కటీ గుర్తులేదు. ప్రతి లంగరుకీ గీత గీయాలని ఇప్పుడు కమిటీ అంటోంది. పిల్లల దగ్గరికి వెళ్ళి నేర్చుకోవడానికి నామోషీ. నన్ను చెప్పమన్నారు.

హేమ టీచరుని అడిగితే మధ్యాహ్నాలు గది ఖాళీయే అంది. తోడుగా తరంగిణిని వెనక బెంచీలో కూర్చోబెట్టింది. నేను మొదటిసారి నల్లబల్ల దగ్గర నిలబడ్డాను. అడ్డంగా కాలం, నిలువుగా దూరం అని చెప్పాను. చుక్కలు పెట్టాను. గీత గీశాను. ముగ్గురూ మోకాళ్ళు గడ్డాలకి ఆనించుకుని విన్నారు. చిట్టెయ్య చెయ్యి ఎత్తాడు.

“మరి ఈ గీత ఎందాకా తిన్నగా ఎల్తాదో ముందుగాల తెలిసీదెలాగ?”

నేను బల్ల వైపు చూశాను. వెనక్కి తిరిగి తరంగిణిని చూశాను. అది కూడా తల అడ్డంగా ఊపింది. నాకు తెలియదని చెప్పాను. నీళ్ళు నిలిచే వేళయింది, లేవండి, వెళ్ళి చూద్దామన్నాను.

రెండుగంటలకి నలుగురం నత్త చుట్టూ చేరాం. ఎవరి కాగితం మీద వాళ్ళు అంకె రాసుకున్నాం. తరంగిణి నాలుగు కాగితాలూ తీసుకుని చూసింది. నలుగురం నాలుగు రకాలుగా రాశాం. చిట్టెయ్య నా కళ్ళ మీద అనుమానం వెలిబుచ్చాడు, నేను అతని పెన్సిల్ మీద వెలిబుచ్చాను, మిగతా ఇద్దరూ చెరో పక్షం చేరారు. ఆ పిల్ల కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత తెర మీద గుడ్డ కప్పి, మమ్మల్ని బెంచీల్లో కూర్చోమని, ఒక్కొక్కరినే లేచి వచ్చి అంకె చదవమంది.